హెక్టర్ సొట్ట

రోజుకు నాలుగుసార్లు ఆ కథ వింటాను. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు. చూడవచ్చినవాళ్ళను గైడు పిల్ల కాగుల గదిలోకి తోలుకొచ్చి మొదటి కాగు ముందు నిలబెడుతుంది. ఆ రాగి కాగు భుజం మీద, తలెత్తితే కనబడేంత ఎత్తులో, పెద్ద రొట్టె పట్టేంత సొట్ట ఒకటి ఉంది.

"ఇదీ మా గ్లెన్‌ఫారిక్ విస్కీ రహస్యం," అంటుంది. "ముప్ఫైరెండేళ్ళ కింద హెక్టర్ గెడ్డెస్ అని ఒకాయన ఈ కాగులు చూసేవాడు. పొద్దున పదింటికే ఆయనగారు పట్టించేసి..." ఇక్కడ బొటనవేలు నోటికి ఆనించుకుంటుంది. "...గాలి వాల్వు తెరవడం మరిచిపోయాడు. కాగు లోపలికి నొక్కుకుపోయింది. ఆయన ఉద్యోగం ఊడింది. కానీ ఆ సొట్ట పడ్డాక దిగిన సరుకు ఉందే, అంతకు ముందెన్నడూ అంత తియ్యగా దిగలేదు!"

అందరూ నవ్వుతారు. నేను మీటర్లు చూస్తున్నట్టు అటు తిరుగుతాను. ఆ పిల్లను తప్పుపట్టను. రాసిచ్చిన కాయితం చదువుతోంది. ఆ కాయితంలో ఉన్నది తప్పని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వాల్వు హెక్టర్ తెరిచాడు. మూసింది నేను.

నా పేరు వాటీ మెల్డ్రమ్. పదిహేనేళ్ళకు బడి మానేసి ఈ గేటులో అడుగుపెట్టాను. మొదట బార్లీ గదిలో చెక్క పార చేతికిచ్చారు. నానిన బార్లీని నేల మీద జానెడు మందాన పరిచి, మొలకలు ఒకదానికొకటి పెనవేసుకోకుండా పగలనక రాత్రనక తిరగెయ్యాలి. ఏడేళ్ళు తిరగేసి, కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి జారిపోయాక, హెక్టర్ నన్ను కాగుల గదికి తీసుకున్నాడు. అప్పుడాయనకు నలభై ఆరు. బట్టతల. ఆ తల మీద ఎప్పుడూ ఒక గళ్ళ టోపీ.

"కిందంతా వంటపనేరా అబ్బాయ్," అనేవాడు. "మొలకని పొగలో ఎండబెడతారు, పిండి చేస్తారు, వేణ్ణీళ్ళు పోసి తియ్యనీళ్ళు దించుతారు, ఈస్టేసి పులియబెడతారు. ఊట తయారు. అంతవరకూ ఏ ఇల్లాలైనా చేస్తుంది. ఆ ఊటని ఒక కాగులో ఓసారి, రెండో కాగులో ఇంకోసారి కాచి ధార పట్టడం ఉందే, అదీ పని. మొదటి ధార మంట, చివరి ధార కంపు, నడిమి ధారే మనది. ఎప్పుడు పట్టాలో ఎప్పుడు ఆపాలో తెలిస్తే నువ్వు మనిషివి. తెలీకపోతే మళ్ళీ పార పట్టుకో."

వాళ్ళ ముత్తాత కథ ఒకటి చెప్పేవాడు. ఆయన కొండ మీద దొంగసారా కాచేవాడట. పొగ రాకుండా జునిపర్ కర్రలే కాల్చేవాడట. కింద దారిలో ఎక్సైజువాడు గుర్రం మీద పోతూనే ఉండేవాడు, పైన ధార పడుతూనే ఉండేది. కాగు అరిగి చిల్లు పడ్డప్పుడు మాత్రం ముత్తాత తనే ఎక్సైజు ఆఫీసుకు పోయి, "అయ్యా, ఫలానా గుహలో ఎవడో దొంగకాగు పెట్టాడండి," అని చెప్పేవాడు. ఆచూకీ చెప్పినవాడికి బహుమానం. ఆ బహుమానంతో కొత్త కాగు కొనేవాడు.

"చూశావా," అనేవాడు హెక్టర్, మీసం కింద నవ్వుతూ. "తన తప్పు తనే పోయి చెప్పుకున్నోడే బాగుపడతాడ్రా."

ఆ మాటకు నేను ఎంతగా నవ్వేవాణ్ణో గుర్తుంది.

మా పనిలో ప్రమాదమంతా కాగు ఖాళీ చేసి మళ్ళీ నింపే వేళే. అడుగున మిగిలిన మడ్డి వదిలేశాక కాగు నిండా ఆవిరి ఉంటుంది. అందులోకి చల్లటి ఊట దిగితే ఆ ఆవిరి ఒక్కసారిగా నీరైపోతుంది, లోపల ఏమీ మిగలదు. పైన గాలి వాల్వు తెరిచి ఉంటే బయటి గాలి లోపలికి వస్తుంది, గొడవ లేదు. మూసి ఉంటే ఆ గాలే కాగును పిడికిట్లో పట్టి నలిపేస్తుంది. అందుకని పాతవాళ్ళు ఒక అలవాటు పెట్టారు. వాల్వు తెరిచినవాడు తన టోపీ దాని పిడికి తగిలించాలి. నింపడం అయ్యాక వాల్వు మూసి, అప్పుడు టోపీ నెత్తిన పెట్టుకోవాలి. టోపీ పిడి మీద ఉందంటే వాల్వు తెరిచి ఉన్నట్టు. ఇది ఎక్కడా రాసి లేదు. కాగుల గదిలో పనిచేసిన నలుగురైదుగురికి తెలుసు, అంతే.

ఇంకో అలవాటు కూడా ఉండేది. రోజుకు మూడుసార్లు మాకు తెల్ల సరుకు పోసేవారు. పీపాకెక్కని, రంగు రాని, గొంతును గీసుకుంటూ దిగే సరుకు. మేస్త్రీ రాగి చెంబుతో గేటు పక్కన నిలబడేవాడు. వరసలో పోయి, ఎద్దుకొమ్ముతో చేసిన గిన్నెలో పోయించుకుని, అక్కడే తాగెయ్యాలి. పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు వెనక.

1978 జనవరి. బయట మోకాలి లోతు మంచు. పదయింది. హెక్టర్ మడ్డి వదిలి, నిచ్చెనెక్కి గాలి వాల్వు తెరిచి, టోపీ తగిలించి దిగాడు.

"నేను పోయి గొంతు తడుపుకొస్తా. కాగు ఖాళీ అయ్యాక ఊట వదులు. నేనొచ్చాక నువ్వెళ్దువుగాని."

"సరే బాబాయ్," అన్నాను, సగం వింటూ.

చెంబు అడుగంటాక వచ్చినవాడికి సగం కొమ్మే దక్కుతుంది. నా ప్రాణమంతా ఆ చెంబులో ఉంది. ఊట గొట్టం తిప్పడానికి నిచ్చెనెక్కితే పక్కనే వాల్వులోంచి ఆవిరి మొహం మీదికి బుసకొడుతోంది. ఒక్క నిమిషం ఆగితే అదే తగ్గేది. నేను హెక్టర్ టోపీ తీసి, వాల్వు మూసేశాను. గొట్టం తిప్పాక తెరుద్దాంలే అనుకున్నాను. టోపీని కింద బల్ల మీదికి విసిరాను. గొట్టం తిప్పాను. దిగాను. ఊట వదిలాను.

కాగు మూలిగింది, ఈనలేని ఆవులా. తరవాత పెద్ద తప్పెట మీద కొట్టినట్టు ఒకే ఒక్క దెబ్బ.

హెక్టర్ పరుగెత్తుకొచ్చాడు. మీసం ఇంకా తడిగా ఉంది. కాగు భుజం వైపు చూశాడు. నిచ్చెనెక్కి వాల్వు పట్టుకుని చూశాడు. దిగాడు. అప్పుడు కనబడింది బల్ల మీద టోపీ. చెయ్యి తల మీదికి పోయింది, నున్నటి బట్టతల మీదికి. నేను చూస్తుండగానే ఆ మొహం నలిగిపోయింది, కాగు కంటే మెల్లగా.

"తెరవలేదా నేను?" అన్నాడు. నన్నడగలేదు. తనను తానే అడుక్కున్నాడు.

అప్పుడు చెప్పొచ్చు. నోట్లో మాట ఉంది కూడా. మేనేజరు వచ్చాడు. పాతకాలపు మనిషి, టోపీ సంగతి ఎరిగినవాడు. హెక్టర్ నోటి దగ్గర వాసన చూశాడు, నా వైపు తిరిగాడు.

"ఏమోయ్, టోపీ ఎక్కడుంది?"

"బల్ల మీదుంది సార్," అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ తరవాత బతుకులో చాలా అబద్ధాలాడాను. ఆ నిజమంత నీచమైనది వాటిలో ఒక్కటీ లేదు.

హెక్టర్‌ను ఆ వారమే పంపేశారు. కంపెనీ ఇల్లు ఖాళీ చేయించారు. కాగు బాగుచేసేదాకా ఎనిమిది వారాలు కాగుల కింద మంట ఆరింది, పధ్నాలుగు ఇళ్ళకు జీతం లేదు. అది చాలనట్టు, పనివేళ తాగుడు ఇకమీదట బంద్ అన్నారు. జీతాలు పోయినందుకంటే చెంబు పోయినందుకు హెక్టర్‌ను ఎక్కువ తిట్టుకున్నారు మావాళ్ళు. "ఒక్కడు తాగింది అరక్క అందరి గొంతూ ఎండబెట్టాడు," అనేవారు. నేనూ తలూపేవాణ్ణి. వసంతకాలంలో నన్ను హెక్టర్ స్థానంలో వేశారు.

ఆయన కౌన్సిల్ లారీ ఎక్కి మంచు పడ్డ రోడ్ల మీద ఉప్పు చల్లే పనిలో చేరాడు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. పెళ్ళిళ్ళలో కూడా, చావుల్లో కూడా. దారిలో ఎదురైతే ఆయనే ముందు టోపీ తీసేవాడు, నాకు. "నీ ఎదుట తలెత్తుకోలేనురా వాటీ," అనేవాడు. "కుర్రాడివి, నీకు కూడా మాటొచ్చింది నా వల్ల."

మొదట్లో చెప్పాలనుకున్నాను. పెళ్ళయ్యాక చెబుదాం అనుకున్నాను. పిల్లాడు పుట్టాక అనుకున్నాను. పెళ్ళాం నన్ను వదిలి ఇన్వర్‌నెస్ పోయాక, ఇప్పుడింక పోయేదేముంది, చెబుదాం అనుకున్నాను. పోయేది అప్పుడు కూడా ఉన్నట్టే అనిపించింది.

ఈ ఏడు కాగు పని అయిపోయింది. రాగి కాయితంలా పలచబడింది. కొత్తది చేయించాలని కంచరి ఎక్ రిడాక్‌ను పిలిపించారు. వాడిదీ నా వయసే. ముప్ఫైరెండేళ్ళ కింద ఈ కాగును కొట్టి నిలబెట్టింది వాడి నాన్నే. లోపలికి పోయిన భుజాన్ని చాలావరకు బయటికి తెచ్చాడు, మిగిలిన సొట్టను వదిలేశాడు.

ఎక్ నిచ్చెనెక్కి సొట్ట మీద రేకు అద్ది అచ్చు తీస్తున్నాడు.

"బతుకంతా సొట్టలు తీసుకుని బతికాన్రా వాటీ. ఇప్పుడు కొత్త కాగుకి కావాలని సొట్ట పెట్టమంటున్నారు. మా నాన్నే ఉంటే అదే సుత్తితో నా నెత్తి మీద పెట్టేవాడు."

"పెట్టకు మరి."

"పెట్టకపోతే ఒప్పుకోరటగా? రుచి పోతుందట! ఓ పని చెయ్యి, నువ్వు కూడా ఓసారి బొక్కబోర్లా పడు. ఇంకో రుచి వస్తుందేమో."

మేనేజరు మిస్ ఓగిల్వీ దగ్గరికి పోయాను. ఎడిన్‌బరోలో చదువుకున్న పిల్ల, మర్యాద తెలిసినది.

"మేడమ్, సొట్టకీ రుచికీ ఏం సంబంధం లేదండి. ఆ ఏడు బార్లీ బాగా పండింది, అంతే."

"నిజమే కావచ్చు వాటీ గారూ. కానీ రుచి చూసేవాళ్ళు ఒక్క మేకు కూడా మార్చొద్దన్నారు. పైగా చూడండి, ఇది అచ్చయిపోయింది." బల్ల మీది నుంచి ఒక లేబుల్ తీసి చూపించింది. కొత్త సీసా పేరు 'హెక్టర్ సొట్ట'. కింద బొమ్మ. ఎర్రముక్కు ముసలాడు కాగును కావలించుకుని నిద్రపోతున్నాడు. "కొత్త కాగు మీద సొట్ట ఆయన చేతే కొట్టిద్దామనుకుంటున్నాం. పాతవాళ్ళందరినీ పిలుస్తున్నాం. ఎంత బావుంటుందో కదా?"

ఆ సాయంత్రం హెక్టర్ ఇంటికి పోయాను. ఈసారి చెప్పి తీరాలని పోయాను. భార్య జెస్సీ పోయి ఆరేళ్ళయింది. ఒక్కడే ఉంటున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, వంగి టీ పోసి, ఓట్స్ రొట్టెలు, జున్ను ముందు పెట్టాడు. కుర్చీ పక్కన పాలిష్ చేసిన బూట్లు వరసగా ఉన్నాయి.

"బొమ్మ చూశావా?" అన్నాడు. "ముక్కు భలే ఎర్రగా వేశార్రా. చలికి అయినా అంత ఎర్రబడదు."

"వెళ్ళకు బాబాయ్. నవ్వులాటకి పిలుస్తున్నారు."

"తెలుసు. నవ్వనీ. పాతవాళ్ళందరూ వస్తారుగా, ఒక మాట చెప్పుకోవాలి వాళ్ళకి. ఎనిమిది వారాలు వాళ్ళ పొయ్యిలార్పాను. క్షమించమని ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. సిగ్గేసి." టీ ఊదుకున్నాడు. "పైగా ఆ మేనేజరు పిల్ల చెబుతోంది, నా బుద్ధిలేని పనికి ఏదో మంచి రుచి వచ్చిందని. నిజమో కాదో గానీ, వినడానికి బావుందిరా."

అది పట్టుకున్నాను నేను. ముసలాడికి ఇన్నాళ్ళకు దొరికిన ఆ కాస్త సంతోషం నేనెందుకు చెడగొట్టాలి అనుకున్నాను. పిరికివాడికి సాకు ఎప్పుడూ జాలి వేషంలోనే వస్తుంది.

లేవబోతుంటే ఆయన అన్నాడు, "ఒక్కటి అడుగుతా చెప్పు. ఆ పొద్దున నిచ్చెనెక్కినట్టు నా కాళ్ళకి గుర్తుందిరా. వాల్వు తిప్పినట్టు ఈ చేతికి గుర్తుంది. ముప్ఫైరెండేళ్ళయినా పోలేదు. తాగుడు అంత పని చేస్తుందా? జరగనిది కూడా జరిగినట్టు గుర్తు చేస్తుందా?"

నా వైపే చూస్తున్నాడు. కళ్ళలో అనుమానమేమీ లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

"చేస్తుందేమో బాబాయ్," అన్నాను.

వారం తరవాత ఎక్ వాళ్ళ షెడ్డులో చేరాం. కొత్త కాగు మధ్యలో నిలబడి ఉంది, పెళ్ళికూతురిలా మెరుస్తూ. భుజం మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశారు. పాతవాళ్ళు ఆరుగురు మిగిలారు, కర్రలు పట్టుకుని వచ్చారు. ఫొటోలవాడు వచ్చాడు. మిస్ ఓగిల్వీ హెక్టర్ చేతికి చెక్క సుత్తి ఇచ్చింది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అందరికీ ఒక మాట," అన్నాడు. "ఆ రోజు నేను తాగి వాల్వు మరిచాను. మీ పిల్లల నోటి దగ్గర కూడు తీశాను. మీ కొమ్ము కూడా పోయింది నా వల్లే. తప్పయింది. వాటీ, నీ పేరు చెప్పి మరీ అడుగుతున్నాను. నీ చేత నా మీద సాక్ష్యం చెప్పించే గతి పట్టించాను. క్షమించరా."

ఆ వంగిన తల, ఆ సుత్తి, చంకలో ఆ టోపీ. ఇంక నిలబడలేకపోయాను.

"ఆయన మరవలేదు," అన్నాను. "వాల్వు మూసింది నేను. నేనే."

అప్పుడు వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు. మిస్ ఓగిల్వీ కళ్ళు తుడుచుకుంది. "స్నేహితుడంటే వీడ్రా," అన్నాడు పాతవాళ్ళలో ఒకడు. "ముసలోడి పరువు కోసం తన మీద వేసుకుంటున్నాడు." ఎక్ నా వీపు మీద చరిచాడు.

"కాదు, నిజంగానే," అని అరిచాను. ఎంత అరిస్తే అంత గట్టిగా కొట్టారు చప్పట్లు.

అప్పుడు హెక్టర్‌కు మాత్రమే వినబడేట్టు చెప్పాను. "ఆవిరి కొడుతోందని మూశాను బాబాయ్. టోపీ పిడి మీద నుంచి తీసి బల్ల మీద పడేసింది నేను."

చప్పట్ల మధ్య ఆయన ఒక్కడే కదలకుండా నిలబడ్డాడు. చంకలోని టోపీ తీసి చూసుకున్నాడు. తరవాత తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. సుత్తి నా చేతిలో పెట్టాడు.

"నీ సొట్ట నువ్వే పెట్టుకో."

ఫొటోలవాడు ఇటు తిరగమన్నాడు. ఎక్ రేకు అచ్చు పట్టుకున్నాడు. "గట్టిగా కొట్టరా, రాగికి నొప్పుండదు," అన్నాడు. కొట్టాను. సుద్ద గీత లోపల, వాళ్ళు చాలన్నదాకా కొట్టాను.

గ్లాసులు పంచారు. హెక్టర్‌కు నారింజ రసం తెచ్చిచ్చారు. ఆయన దాన్ని పక్కన పెట్టి, పళ్ళెంలోంచి విస్కీ గ్లాసు తీసుకున్నాడు. చాలాసేపు వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. దగ్గు వచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మిస్ ఓగిల్వీతో అన్నాడు, "ఇదంటే నాకు ఎంత ఇష్టమో మరిచేపోయానమ్మా."

బయటికి పోతుంటే వెంటపడ్డాను. "బాబాయ్, అప్పుడు నేను..."

"అప్పుడు నీకు ఇరవై రెండు," అన్నాడు, ఆగకుండా. "భయపడ్డావు. నేనైనా భయపడేవాణ్ణేమో. దానికి నిన్నేమీ అననురా." కారు తలుపు దగ్గర నిలబడ్డాడు. "పోయిన వారం మా ఇంట్లో కూచుని నా రొట్టె తిన్నావు. కాళ్ళకి గుర్తుందిరా అని చెప్పుకున్నాను నీకు. పోయిన వారం నీకెన్నేళ్ళు?"

యాభై నాలుగు. ఆయన జవాబు కోసం ఆగలేదు.

తరవాత రెండుసార్లు తలుపు కొట్టాను. లోపల రేడియో ఆగింది. తలుపు తెరుచుకోలేదు. మిస్ ఓగిల్వీ దగ్గరికి పోయి మళ్ళీ చెప్పాను, టోపీ సంగతితో సహా, మొదటినుంచి. ఆమె చెయ్యి నా చేతి మీద వేసి, "మీరు చాలా మంచివారండీ," అంది. టోపీ సంగతి తెలిసిన పాత మేనేజరు, అప్పటి కాగుల గదివాళ్ళు ఏనాడో పోయారు. ఇంకెవరికి చెప్పను? అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివినవాళ్ళయినా నమ్ముతారేమో చూడాలి.

ఇప్పుడు గైడు పిల్లల కాయితంలో నాలుగు వాక్యాలు పెరిగాయి. కొత్త కాగు ముందు గుంపును నిలబెట్టి, హెక్టర్ తాగుడు, సొట్ట, తీపి అన్నీ అయ్యాక గొంతు తగ్గిస్తారు. "ఆ వేడుక రోజున ఆయన ప్రాణస్నేహితుడు ఏం చేశాడో తెలుసా? ఆ తప్పు తనదేనని అందరి ముందూ తన మీద వేసుకున్నాడు. ఆయన ఎవరో కాదు, అడుగో!"

రోజుకు నాలుగుసార్లు చప్పట్లు కొడతారు. ఫొటో కోసం టోపీ తియ్యమంటారు. తీస్తాను. ఈ కొత్త కాగుకు గాలి వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది, పిడి లేదు. వాళ్ళ ఫొటోలు అయ్యేదాకా టోపీని చేత్తోనే పట్టుకుని నిలబడతాను.